మన డాక్టర్‌ది గూడ చూడు

ఆదివారం పొద్దున్నే అక్క వీడియో కాల్ చేసిందంటే రెండే కారణాలు. అక్కడ శనివారం రాత్రి పిల్లలు తొందరగా పడుకుని ఉండాలి, లేదంటే నాతో ఏదో ల్యాప్‌టాప్ పని పడి ఉండాలి. మొన్నటిది రెండోది.

"తమ్మీ, మా మామయ్యకి గుండె డాక్టర్ కొత్త గోలీ రాసిండు. రక్తం గడ్డ కట్టకుండనట. ఇన్సూరెన్స్ పోంగ కూడా నెలకి గట్టిగనే పడుతున్నది. పాతది చాలా సస్తగ వచ్చేది. మా ఆఫీసుల ఒకామె చెప్పింది, ఏ డాక్టర్‌కి ఏ కంపెనీ ఎంతిచ్చిందో గవర్నమెంటోళ్లే సైట్‌ల పెడ్తరట. నువ్వు డేటా పనే చేస్తవు గద, జర చూసి చెప్పు."

నేను చేసే డేటా పని ఏంటంటే, ఒక కంపెనీ గోడౌన్లలో ఉన్న సరుకు లెక్కని వాళ్ల బిల్లింగ్ లెక్కతో కలపడం. రెండు టేబుళ్లు, మధ్యలో రెండిటికీ కామన్‌గా ఉండే ఒక కాలమ్. నాలుగేళ్లుగా నా జీతం దాని మీదే. మా ఇంట్లో మాత్రం డేటా అంటే అంతా ఒకటే. జాతకాలు తప్ప అన్నీ నేనే చూడాలి.

అక్క వాళ్ల మామయ్యకి 71 ఏళ్లు. న్యూజెర్సీలో ఉంటారు, అమెరికా సిటిజన్, కాబట్టి మెడికేర్ ఉంది. 65 దాటినవాళ్లకి అక్కడి ప్రభుత్వం నడిపే ఆరోగ్య బీమా అది. డాక్టర్ పేరు, ఊరు అక్క వాట్సాప్‌లో పంపింది. అంబర్‌పేట్‌లో మా హాల్లో అమ్మ కింద కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. నేను పక్కనే ల్యాప్‌టాప్ తెరిచా. సైట్ పేరు ఓపెన్ పేమెంట్స్. లాగిన్ లేదు, ఓటీపీ లేదు, పైసా కట్టక్కర్లేదు. పేరు కొట్టా, వచ్చేసింది.

నిజం చెప్తున్నా, కొంచెం భయం వేసింది. ఎవరిదో డైరీ తెరిచినట్టు అనిపించింది. తేదీ, కంపెనీ పేరు, ఏ మందు గురించి, ఎంత, దేనికోసం. 14 డాలర్లు, భోజనం. 18 డాలర్లు, భోజనం. 22 డాలర్లు, భోజనం. ఏడాది మొత్తం కలిపితే 17 లంచ్‌లు, 341 డాలర్లు. ఫ్లయిట్ టికెట్లు లేవు, ఉపన్యాసాల ఫీజు లేదు, కంపెనీలో వాటా లేదు. ఇవన్నీ ఉంటే వాటికి వేరే వరసలు ఉంటాయి. ఈయనకి లేవు.

ఈ సైట్ ఊరికే రాలేదు. 2010లో ఒబామా తెచ్చిన ఆరోగ్య చట్టంలో ఒక ముక్క ఉంది, దాన్ని సన్‌షైన్ యాక్ట్ అంటారు. మందుల కంపెనీలు, వైద్య పరికరాల కంపెనీలు డాక్టర్లకి ఏమిచ్చినా ప్రభుత్వానికి చెప్పాలి, ప్రభుత్వం దాన్ని జనానికి చూపించాలి. మొదటి విడత 2014 సెప్టెంబర్ 30న బయటికొచ్చింది, 2013 చివరి ఐదు నెలల లెక్కలతో. ఇప్పుడైతే ఏటా జూన్ నెలాఖరుకి అంతకుముందు ఏడాది లెక్క వస్తుంది. మొదట్లో పది డాలర్లు దాటిన ప్రతిదీ రాయాలన్నారు. ధరలతో పాటు ఆ గీత మెల్లగా పైకి జరుగుతోంది. కంపెనీ మనిషి క్లినిక్ మొత్తానికి పిజ్జాలు తెచ్చాడనుకోండి, తిన్నవాళ్ల సంఖ్యతో భాగించి ఆ డాక్టర్ ముక్క ఎంతో రాయాలి. ఆ లాజిక్ రాసిన ఇంజినీర్ ఎవరో గానీ, వాడి కష్టం నాకు అర్థమైంది.

పది డాలర్ల తిండికి ఇంత గోలెందుకు? నాకూ అదే అనిపించింది. తర్వాత ఒక స్టడీ చదివా. 2016లో జామా ఇంటర్నల్ మెడిసిన్ అనే జర్నల్‌లో వచ్చింది. 2,79,669 మంది డాక్టర్ల భోజనాల లెక్కని, వాళ్లు మెడికేర్ పేషెంట్లకి రాసిన మందుల లెక్కతో కలిపి చూశారు. నా ఆఫీసు పనే ఇది, సరుకు వేరు. ఆ భోజనాల్లో ఎక్కువ భాగం 20 డాలర్ల లోపువే. ఒక్కటంటే ఒక్క భోజనం తిన్నవాళ్లు కూడా ఆ కంపెనీ బ్రాండ్‌ని తిననివాళ్ల కంటే ఎక్కువగా రాస్తున్నట్టు తేలింది. భోజనాలు పెరిగేకొద్దీ రాయడమూ పెరిగింది. భోజనం వల్లే రాశారని దీంతో రుజువైపోదు, రెండూ కలిసి కనిపిస్తున్నాయంతే అని రాసినవాళ్లే జాగ్రత్తగా చెప్పారు. ఎవరూ 20 డాలర్లకి అమ్ముడుపోరని నేనూ నమ్ముతా. కానీ మనకి మొహమాటం అనే మాట ఒకటుంది కదా. ఉప్పు తిన్న ఇంటికి ఎదురు మాట్లాడలేం. పెళ్లిలో ప్లేట్‌లో పెట్టిన మూడో లడ్డూకి వద్దనలేని మనం, రోజూ చేతులు కట్టుకుని నిలబడే కుర్రాడికి ఎలా వద్దంటాం?

ఇక రెండో సైట్. ఇది మెడికేర్‌వాళ్లదే. ఒక్కో డాక్టర్ ఏడాదిలో ఏ సేవ ఎన్నిసార్లు చేశాడు, ఎంత బిల్లు వేశాడు, ప్రభుత్వం ఎంత కట్టింది, అన్నీ ఉంటాయి. ఏ మందు ఎన్నిసార్లు రాశాడో ఇంకో టేబుల్‌లో ఉంటుంది. ప్రతి డాక్టర్‌కి ఎన్‌పీఐ అని పది అంకెల నంబర్ ఉంటుంది. టేబుళ్లని కలిపే కామన్ కాలమ్ అదే. పేషెంట్ల వివరాలు బయటపడకుండా, 11 మంది కంటే తక్కువ పేషెంట్లున్న వరసని తీసేస్తారు. ఎంత శుభ్రమైన డేటా! మా క్లయింట్‌కి చూపించాలి.

ఇది కూడా సులువుగా బయటికి రాలేదు. డాక్టర్ల ప్రైవసీ పేరుతో 1979లో ఫ్లోరిడాలో ఒక ఫెడరల్ కోర్టు దీన్ని ఆపేసింది. వాల్‌స్ట్రీట్ జర్నల్‌ని నడిపే డౌ జోన్స్ కోర్టుకెక్కి పోరాడితే, 2013లో ఆ ఆపు తొలగింది. 2014 ఏప్రిల్ 9న 8,80,000 మందికి పైగా డాక్టర్లు, ఇతర వైద్య సిబ్బంది లెక్కలు ఒకేసారి బయటపడ్డాయి. 2012 ఒక్క ఏడాదికే 7,700 కోట్ల డాలర్ల చెల్లింపులు. అందరికంటే పైన ఫ్లోరిడాలోని సాలమన్ మెల్గెన్ అనే కంటి డాక్టర్ ఉన్నాడు, దాదాపు రెండు కోట్ల పది లక్షల డాలర్లతో.

ఆగండి, ఇక్కడే తేడా కొడుతుంది. కంటిలోకి ఇచ్చే ఆ ఇంజక్షన్ ఒక్కోటి దాదాపు 2,000 డాలర్లు. డాక్టరే కొని, తర్వాత మెడికేర్ నుంచి రాబట్టుకుంటాడు. కాబట్టి నిజాయితీగా పనిచేసే కంటి డాక్టర్లు కూడా ఆ జాబితాలో పైనే కనిపిస్తారు. అంకె పెద్దదైనంత మాత్రాన దొంగ కాదు. మెల్గెన్ విషయంలో మాత్రం ఒకే సీసాని చాలామందికి వాడి, ఒక్కొక్కరికీ పూర్తి సీసా బిల్లు వేశాడని బయటపడింది. దర్యాప్తు ఈ డేటా రాకముందే మొదలైంది. 2017లో దోషిగా తేలాడు, 2018లో 17 ఏళ్ల శిక్ష పడింది, 2021 జనవరిలో ట్రంప్ ఆ శిక్ష తగ్గించి వదిలేశాడు. ఆ ఆఖరి ముక్క డేటాలో ఉండదు.

సరే, మన డాక్టర్ సంగతి. ఆయన రాసిన మందుల టేబుల్ తీశా, అదే ఏరియాలో గుండె డాక్టర్లందరి పక్కన పెట్టా. అందరూ దాదాపు అంతే రాస్తున్నారు. ఈయన మధ్యలో ఎక్కడో ఉన్నాడు. అక్కకి స్క్రీన్‌షాట్ పంపి, "మనిషి మామూలుగానే ఉన్నడు, ఒకసారి అడిగి చూడు" అన్నా. అక్క నిజంగానే అడిగింది. ఆయన నవ్వి, అవును, మా స్టాఫ్‌కి లంచ్‌లు తెస్తారు, నేనూ తింటా అన్నాడట. పాత మందు వాడితే మాటిమాటికీ రక్తపరీక్షకి రావాలి, ఆకుకూరలు తినే విషయంలో జాగ్రత్త పడాలి, మీ మామగారు రెండుసార్లు పరీక్షకే రాలేదు, అందుకే మార్చా అని విడమరిచి చెప్పాడట. మామయ్య ఆకుకూరలు మానడం జరిగే పని కాదని అక్కకీ తెలుసు. విషయం అక్కడితో అయిపోయింది. మూడు రోజుల అనుమానం, పది నిమిషాల్లో సమాధానం.

ఇదంతా అమ్మ వింటూనే ఉంది. చిక్కుడుకాయలు అయిపోయాయి. గిన్నె పక్కన పెట్టి చాలా మామూలుగా అంది: "మన డాక్టర్‌ది గూడ చూడు బిడ్డా."

నా చేతులు కీబోర్డ్ మీదే ఉన్నాయి. ఎక్కడ కొట్టాలి?

అమ్మకి పన్నెండేళ్లుగా షుగర్. పాత డాక్టర్ గారు ప్రాక్టీస్ మానేశాక, రెండేళ్ల క్రితం కొత్తాయన దగ్గరికి మారాం. మూడు గోలీలు ఏడయ్యాయి. నెలకి 900 అయ్యే బిల్లు 2,600 దాటింది. ఏడింటి వెనకాల చిన్న అక్షరాల్లో ఉండే మందు పేర్లు ఫోన్‌తో జూమ్ చేసి చూశా. రెండు పాతవే, బ్రాండ్ మారింది, రేటు మారింది. రెండు "నరాల బలానికి", అంటే విటమిన్లు. మిగతా మూడు నిజంగా అవసరమేమో, నాకేం తెలుసు? నేను ఇంజినీర్‌ని. ఆయన మంచి డాక్టరే అయ్యుండొచ్చు. అమ్మ షుగర్ కంట్రోల్‌లోనే ఉంది. కాదేమో అనే పురుగు మాత్రం నెలకోసారి మెడికల్ షాప్ కౌంటర్ దగ్గర కుడుతుంది.

వెతికా. మన దేశంలో డాక్టర్ల కోసం నేషనల్ మెడికల్ రిజిస్టర్ అని 2024 ఆగస్టులో ఒక పోర్టల్ మొదలుపెట్టారు, ఒక్కో డాక్టర్‌కి దేశమంతటికీ ఒకే నంబర్ ఇచ్చేలా. ఇప్పటిదాకా ఏ రాష్ట్ర కౌన్సిల్ నంబర్ ఆ కౌన్సిల్‌దే. అంటే నా భాషలో చెప్పాలంటే కామన్ కాలమ్ ఇప్పుడిప్పుడే తయారవుతోంది. డాక్టర్ నిజంగా డాక్టరేనా, ఏం చదివాడు అనేది చూసుకోవచ్చు. కంపెనీల నుంచి ఏం తీసుకున్నాడు అన్న కాలమ్ ఎక్కడా లేదు.

"ఏమైంది, దొరకలేదా?" అంది అమ్మ.

"మన దగ్గర లేదమ్మా."

"అమెరికోళ్లకి ఉన్నది, మనకెందుకు లేదు?"

ఈ ప్రశ్న పట్టుకుని మూడు వారాలు తిరిగా.

మొదట నా స్కూల్ దోస్త్ దగ్గరికి. వాడు మెడికల్ రెప్. నల్ల బ్యాగు, ఇన్‌షర్ట్, ఎండలో బైక్. తార్నాక చౌరస్తా దగ్గర చాయ్ తాగుతూ అడిగా, కంపెనీలు డాక్టర్లకి ఇచ్చేదానికి లెక్క ఉంటుందా అని. వాడు నన్ను జాలిగా చూశాడు.

"మామా, లెక్క లేందే కంపెనీ రూపాయి ఇస్తదా? నేను పొద్దున ఏ డాక్టర్‌ని కలిసిన, ఎన్ని నిమిషాలు మాట్లాడిన, ఏ శాంపిల్ ఇచ్చిన, అన్నీ యాప్‌ల కొట్టాలె. సాయంత్రం కొట్టకపోతే మేనేజర్ ఫోన్. ఆర్‌సీపీఏ తెలుసా?"

తెలియదన్నా. డాక్టర్ క్లినిక్ చుట్టుపక్కల మెడికల్ షాపులకి వెళ్లి, ఆ డాక్టర్ చీటీల మీద ఏ బ్రాండ్ ఎన్ని వస్తున్నాయి, పోటీ కంపెనీది ఎంత పోతోంది అని షాపువాళ్లని అడిగి రాసుకోవడమట. రెప్‌ల రోజువారీ పనిలో అదీ ఒకటి. అంటే మా అమ్మ డాక్టర్ ఏ బ్రాండ్ ఎంత రాస్తాడో కంపెనీకి నెలనెలా తెలుసు. ఆ షాపుకి తెలుసు. నా దోస్త్‌లాంటి వాడికి తెలుసు. డబ్బు కట్టి మింగే మా అమ్మకి తెలియదు.

మేం నిలబడిన చోటికి దగ్గర్లోనే ఐఐసీటీ ఉంది. ఎయిడ్స్‌కి వాడే ఏజెడ్‌టీ మందుని చవకగా తయారుచేసే పద్ధతిని ఏవీ రామారావు గారి నాయకత్వంలో ఆ ల్యాబ్ కనిపెట్టి సిప్లాకి ఇచ్చింది. 1970 పేటెంట్ చట్టం మందుకి కాకుండా తయారీ పద్ధతికి మాత్రమే పేటెంట్ ఇవ్వడంతో, బాలానగర్ ఐడీపీఎల్‌లో పని నేర్చుకున్నవాళ్లతో ఈ ఊరు మందుల ఊరైంది. గోలీ తయారుచేయడం చవకే అని ప్రపంచానికి చూపించిన ఊరు మనది. మరి అమ్మ బిల్లులో మిగతా డబ్బు ఎక్కడికి పోతోంది?

కొంత జవాబు సుప్రీంకోర్టు తీర్పులో ఉంది. 2022 ఫిబ్రవరి 22, అపెక్స్ లేబొరేటరీస్ కేసు. జింకోవిట్ అనే విటమిన్ గోలీ గురించి డాక్టర్లలో ప్రచారం కోసం పెట్టిన ఖర్చు, సుమారు 4.72 కోట్లు, వ్యాపార ఖర్చు కింద చూపించి పన్ను తగ్గించమంది కంపెనీ. ఆ ఖర్చులో ఆతిథ్యాలు, కాన్ఫరెన్స్ ఫీజులు, బంగారు నాణేలు, ఎల్‌సీడీ టీవీలు, ఫ్రిజ్‌లు, ల్యాప్‌టాప్‌లు ఉన్నాయి. కుదరదంది కోర్టు. డాక్టర్ తీసుకోవడం 2009 నుంచే మెడికల్ కౌన్సిల్ రూల్స్ ప్రకారం తప్పు అయినప్పుడు, ఇచ్చేవాడికి పన్ను మినహాయింపు ఎలా వస్తుంది? పైగా ఆ కానుకల ఖర్చు చివరికి మందు రేటులోనే కలుస్తుందని కూడా చెప్పింది. 2016లో మెడికల్ కౌన్సిల్ శిక్షల పట్టిక కూడా తెచ్చింది. 1,000 నుంచి 5,000 రూపాయల కానుకకి మందలింపు, 5,000 దాటితే మూడు నెలలు రిజిస్టర్ నుంచి తొలగింపు, అలా పెరుగుతూ పోతుంది. పట్టిక బాగుంది. కానుక ఇచ్చినట్టు ఎవరికి తెలియాలి అన్నదే సమస్య.

అదే ఏడాది డోలో మీమ్స్ గుర్తున్నాయా? 2022 జూలైలో బెంగళూరు ఫార్మా గ్రూప్ ఒకదాని మీద ఐటీ దాడులు జరిగాయి. డాక్టర్లకి సుమారు 1,000 కోట్ల ఉచితాలు ఇచ్చినట్టు ఆధారాలున్నాయని పన్నుల శాఖ ప్రకటించింది. ఆగస్టులో సుప్రీంకోర్టులో మెడికల్ రెప్‌ల సంఘం తరఫు లాయర్ ఆ అంకెని ప్రస్తావించాడు. అంతే, "డోలో రాయడానికి డాక్టర్లకి 1,000 కోట్లు" అని ప్రతి ఫ్యామిలీ గ్రూప్‌లో తిరిగింది. కోవిడ్ ఏడాదిలో డోలో మొత్తం అమ్మకాలే 350 కోట్లు, దానికి 1,000 కోట్లు ఎలా ఖర్చుపెడతాం అని కంపెనీ అంది. ఎవరు తీసుకున్నారు, ఎంత, ఏ మందు కోసం? ఒక్క వరస కూడా జనానికి కనబడలేదు. అందుకని కోవిడ్‌లో ప్రాణాలకి తెగించి పనిచేసి, జ్వరానికి పారాసిటమాల్ రాసిన ప్రతి డాక్టర్ మీదా ఆ జోక్ పడింది.

ఈ ముక్క నాకు ఓయూ క్యాంపస్‌లో ఇంకా బాగా అర్థమైంది. పొద్దున ఆర్ట్స్ కాలేజీ ముందు వాకింగ్‌కి వచ్చే ఒక రిటైర్డ్ గవర్నమెంటు డాక్టర్ గారు నాకు పరిచయం. నేను ఉత్సాహంగా అమెరికా సైట్ ఫోన్‌లో చూపిస్తే, ఆయన ముఖం మాడ్చుకున్నారు.

"ఇక్కడ ఇది పెడితే ఏమవుతుందో తెలుసా బాబూ? పేరు పక్కన 500 రూపాయలు కనిపించినా సాయంత్రానికి వాట్సాప్‌లో ఉరి తీస్తారు. పేషెంట్ చనిపోతే ఆస్పత్రి అద్దాలు పగలగొట్టే ఊళ్లు మనవి."

నిజమే. నా దగ్గర జవాబు లేదు. అక్కడైతే బయటపెట్టే ముందు డాక్టర్‌కి 45 రోజులు చూసుకునే గడువు ఉంటుంది, తప్పుంటే అభ్యంతరం చెప్పొచ్చు అన్నా. ఆయన తలూపి రెండడుగులు నడిచి, మళ్లీ ఆగారు.

"నేను ముప్పై ఏళ్లలో ఒక్క పెన్ను తీసుకోలేదు. మా బావమరిదే నమ్మడు. నువ్వూ తినే ఉంటావులే బావా అంటాడు. తీసుకోలేదని చూపించడానికి నా దగ్గర కాగితం ఏముంది?"

ఆయన అలా నడుచుకుంటూ వెళ్లిపోయారు. ఆ మాట మాత్రం నా దగ్గర ఉండిపోయింది. అమెరికా సైట్‌లో పేరు కొడితే సున్నా వచ్చే డాక్టర్లు కూడా ఉంటారు. ఆ సున్నా వాళ్ల సర్టిఫికెట్. మన దగ్గర ఆ సున్నాకి చోటే లేదు. తిన్నవాడి అనుమానాన్ని తిననివాడు కూడా సమానంగా పంచుకోవాలి.

రూల్స్ లేవని కాదు. 2024 మార్చి 12న కేంద్రం ఫార్మా మార్కెటింగ్‌కి కొత్త కోడ్ తెచ్చింది. డాక్టర్‌కి గానీ కుటుంబానికి గానీ కానుకలు ఇవ్వకూడదు, ఉపన్యాసం ఇచ్చేవాళ్లకి తప్ప ప్రయాణం, హోటల్ ఖర్చులు పెట్టకూడదు, శాంపిల్స్‌కి పరిమితి. ఫిర్యాదు వస్తే మొదట చూసేది కంపెనీల సంఘాల కమిటీలే. అదే ఏడాది డిసెంబర్‌లో ఎవరో పేరు చెప్పని మనిషి ఫిర్యాదుతో ఒక కేసు తేలింది. ఆబ్‌వీ హెల్త్‌కేర్ ఇండియా 30 మంది డాక్టర్లని మొనాకో, పారిస్ తీసుకెళ్లింది, 1.91 కోట్ల ఖర్చు. కంపెనీకి పడింది మందలింపు. అంతకుముందు 2023 ఆగస్టులో నేషనల్ మెడికల్ కమిషన్ కంపెనీల డబ్బుతో నడిచే సదస్సులకి డాక్టర్లు వెళ్లొద్దని, మందుల అసలు పేర్లే రాయాలని రూల్స్ పెట్టి, మూడు వారాల్లో పక్కన పెట్టేసింది. క్వాలిటీ మీద గ్యారంటీ లేకుండా అసలు పేరు రాస్తే, ఏ కంపెనీది ఇవ్వాలో షాపువాడు నిర్ణయిస్తాడు కదా అని డాక్టర్ల సంఘం అంది. అదీ కొట్టిపారేసే మాట కాదు.

నన్ను నిద్రపోనివ్వనిది మాత్రం ఇది. 2022 జూలై 1 నుంచి ఆదాయపు పన్ను చట్టంలో 194ఆర్ అని ఒక సెక్షన్ వచ్చింది. వ్యాపారంలోనో వృత్తిలోనో ఉన్నవాళ్లకి ఎవరైనా ఏడాదిలో 20,000 రూపాయలు దాటిన ప్రయోజనం ఏదైనా ఇస్తే, వస్తు రూపంలో ఇచ్చినా సరే, పది శాతం టీడీఎస్ కట్టాలి. పన్నుల శాఖ ఇచ్చిన వివరణలో డాక్టర్లకి వెళ్లే ఉచిత శాంపిల్స్ ఉదాహరణ కూడా ఉంది. టీడీఎస్ అంటే పాన్ నంబర్. పాన్ అంటే పేరు. అంటే ఏ కంపెనీ ఏ డాక్టర్‌కి 20,000 దాటి ఏమిచ్చానని చెప్పిందో, ఆ టేబుల్ ఈ దేశంలో ఇప్పటికే ఉంది. కంపెనీ పేరు, డాక్టర్ పాన్, మొత్తం. సర్వర్‌లో ఉంది. మనకే కనబడదు. ఒక ఇంజినీర్‌కి ఇంతకంటే హింస ఉండదు. డేటా లేక కాదు, చూసే పర్మిషన్ లేక. పన్ను వివరాలు ప్రైవేటు, అది సరే. అమెరికాలో కూడా పన్ను రిటర్నులు బయటపెట్టలేదు. కంపెనీలనే విడిగా చెప్పమన్నారు. మన దగ్గర మాత్రం 2023 డేటా రక్షణ చట్టంతో సమాచార హక్కులోని 8(1)(జె)ని మార్చి, వ్యక్తిగత సమాచారం ఇవ్వనక్కర్లేదని ఇంకా గట్టిగా రాసుకున్నారు.

ఇదంతా మందుల రేట్ల గొడవ అనుకుంటున్నారా? మా పెద్దమ్మ సంగతి చెప్తా. 34 ఏళ్లకే ఆమెకి గర్భసంచి తీసేశారు. తెల్లబట్ట అవుతోందని జిల్లా కేంద్రంలో ఒక నర్సింగ్‌హోమ్‌కి పోతే, ఉంచితే కేన్సర్ అవుతుందన్నారట. వాళ్ల వీధిలో ఇంకో నలుగురికి అక్కడే అయింది. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో చూశా. 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద 3.2 శాతం. తెలంగాణలో 7.7. ఆంధ్రప్రదేశ్‌లో 8.9. రెండు తెలుగు రాష్ట్రాలూ దేశంలో అందరికంటే పైన. ఎంతమందికి తీశారో ఇంటింటికీ తిరిగి లెక్కపెట్టాం. ఎవరు తీశారు, ఒక్కో చోట ఎన్ని తీశారు అనేది మాత్రం ఏ టేబుల్‌లోనూ బయట లేదు. ఫ్లోరిడా కంటి డాక్టర్ ఏడాదికి ఎన్ని ఇంజక్షన్లు ఇచ్చాడో అంబర్‌పేట్‌లో కూర్చుని నేను చెప్పగలను. మా పెద్దమ్మకి ఆపరేషన్ చేసినాయన ఆ ఏడాది ఎన్ని చేశాడో చెప్పలేను.

2007లో మొదలైన ఆరోగ్యశ్రీలో ప్రతి ఆపరేషన్‌కి ముందే అనుమతి తీసుకోవాలి. ఏ ఆస్పత్రి, ఏ జబ్బు, ఏ ప్యాకేజీ, అన్నీ కోడ్‌లతో సహా నమోదవుతాయి. పేషెంట్ పేర్లు తీసేసి, ఆస్పత్రి వారీగా లెక్కలు డౌన్‌లోడ్‌కి పెట్టడం నాలాంటి ఇద్దరికి నెల రోజుల పని. డేటా శుభ్రంగా ఉంటేనే అనుకోండి. ఆయుష్మాన్ భారత్ మీద 2023 కాగ్ రిపోర్ట్‌లో 7,49,820 మంది లబ్ధిదారులకి ఒకే ఫోన్ నంబర్ ఉంది, 9999999999. జనం చూసే డేటా అయ్యుంటే ఆ తొమ్మిదులు వారంలో పట్టుకునేవాళ్లు.

పోయిన శనివారం అమ్మని చెకప్‌కి తీసుకెళ్లా. బయట వరసలో ఒక రెప్ కుర్రాడు నిలబడి ఉన్నాడు, నల్ల బ్యాగు రెండు కాళ్ల మధ్య పెట్టుకుని. మా నంబర్ వచ్చింది. ఏం మాట్లాడాలో నేను రాత్రంతా రిహార్సల్ వేసుకున్నా, గొడవలా ఉండకూడదని. నాకు అవసరమే రాలేదు. అమ్మే అడిగేసింది.

"డాక్టర్ సాబ్, గీ చీటీ మీద గోలీ పేర్లు గాకుండ లోపలి మందు పేర్లు గూడ రాసియ్యుండ్రి. జన ఔషధి కాడ అడుగుతరు. ఇగ ఈ ఏడింట్ల ఏది ఎందుకో జర చెప్పుండ్రి."

ఆయన అమ్మ వైపు కాదు, నా వైపు చూశారు. తర్వాత పాత చీటీ తీసుకుని రెండు నిమిషాలు చూశారు. ఒక్కోటి ఎందుకో చెప్పారు, విసుక్కోకుండానే. రెండు కొట్టేశారు, "ఇవి ఇక అక్కర్లేదు లెండి" అని. మిగతా ఐదూ పెద్ద అక్షరాల్లో అసలు పేర్లతో రాసిచ్చారు. ఈ నెల బిల్లు 1,140.

ఆ రెండూ అంతకుముందు ఎందుకున్నాయో ఆయన చెప్పలేదు, మేం అడగలేదు. అవసరం తీరిపోయి ఉండొచ్చు. ఇంకేమైనా కావచ్చు. నాకు ఇప్పటికీ తెలియదు.

బయటికొచ్చేసరికి ఆ కుర్రాడు ఇంకా నిలబడే ఉన్నాడు. అమ్మ తను కూర్చున్న కుర్చీలోంచి సంచి తీసుకుని అతనికి చూపించింది. "కూసో బిడ్డా, ఎంతసేపు నిలబడ్తవు. లోపట ఇంకా నలుగురున్నరు."